పాలకమండలిలో నా స్టెతస్కోప్

యూనివర్సిటీ పాలనలో నర్సింగ్ అధ్యాపకుల మాట ఎవరూ పట్టించుకోవడం లేదని గొంతు చించుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పట్టించుకోకపోవడం ఎంత గొప్ప వరమో వాళ్ళకు తెలియదు పాపం! నాకు తెలుసు. ఏడాదిన్నరగా ఆ వరాన్ని పాలకమండలి సమావేశ మందిరంలో, తలుపు పక్క కుర్చీలో, ఏసీ గాలి నేరుగా నడినెత్తిన పడుతుండగా అనుభవించాను.

నేనెవరో ముందు చెప్పుకోవాలి కదా. నర్సింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెబుతాను. మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి ఎలా మార్చాలి, లేవలేని మనిషికి స్నానం ఎలా చేయించాలి, సూది ఎంత లోతు దిగాలి, ఇవన్నీ పంతొమ్మిదేళ్ళుగా నేర్పుతున్నాను. ఏడాదిన్నర కిందట తనిఖీకి వచ్చిన బృందంలో ఒక పెద్దమనిషి, "మీ నిర్ణయాల్లో నర్సింగ్ వాళ్ళ భాగస్వామ్యం ఏదీ?" అని అడిగారట. మర్నాటికల్లా నా బల్ల మీద ఉత్తరం! నేను పాలకమండలిలో నర్సింగ్ ప్రతినిధినైపోయాను. వెతికితే దొరికే అన్ని వస్తువుల్లాగే నేనూ దొరికాను.

ఇంట్లో మా అత్తయ్య సంబరం అంతా ఇంతా కాదు. "మా కోడలు ఇప్పుడు యూనివర్సిటీని నడిపిస్తోందమ్మా" అని మెట్ల మీద ఎదురైన ప్రతి మనిషికీ చెప్పింది. పై అంతస్తు ఆవిడ అది నమ్మేసి, మా బిల్డింగ్ లిఫ్ట్ ఎందుకు మాటిమాటికీ ఆగిపోతోందో కూడా ఒకసారి చూడమని నన్ను అడిగింది. యూనివర్సిటీని నడిపించేదానికి లిఫ్ట్ ఒక లెక్కా?

ఇక నా కుర్చీ సంగతి. సమావేశ మందిరంలో గుర్రపునాడా ఆకారంలో పెద్ద బల్ల, దాని చుట్టూ ఇరవై ఒక్క కుర్చీలు. నేను ఇరవై రెండో మనిషిని. అందుకని బయట సందర్శకుల గదిలోంచి ఒక కుర్చీ లాక్కొచ్చి తలుపు పక్కన వేశారు. ఎంత సౌకర్యమో చెప్పలేను! నా ముందు బల్ల లేదు కాబట్టి ఫైళ్ళు పెట్టుకునే బాధ లేదు. ఫైళ్ళు ఇవ్వరు కాబట్టి బల్ల లేదన్న బాధా లేదు. టీ అందరికంటే ముందు నాకే వస్తుంది, "మేడమ్, కాస్త అటు అందించండి" అన్న మాటతో సహా.

అజెండా అంటారా? మిగతావాళ్ళకు వారం ముందు వెళుతుంది. నాకు సమావేశం అయిన మర్నాడు వస్తుంది. ఇంతకంటే మనశ్శాంతి ఉంటుందా చెప్పండి! ఏం జరుగుతుందో అన్న గుబులు లేదు. జరిగిపోయింది కదా, ఇక విప్పి చదవక్కర్లేదు కూడా.

నన్నెవరూ సంప్రదించలేదని మాత్రం నేను అనను, కళ్ళు పోతాయి. మొదటి సమావేశంలోనే వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా నా వైపు తిరిగి, "మీరు ఆసుపత్రి మనుషులు కదా, ఈ హాలుకు పచ్చ కర్టెన్లు బావుంటాయా, నీలం బావుంటాయా?" అని అడిగారు. రెండో సమావేశంలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడ పెట్టాలో అడిగారు. మూడో సమావేశంలో లా కాలేజీ డీన్ గారు వాళ్ళ అత్తగారి షుగర్ మాత్ర ఎన్నిసార్లు వేయాలో అడిగారు. అలా మొదటి మూడు సమావేశాల్లో ఉన్నత విద్యకు నా వంతు సేవగా నేను పలికిన మాటలు మొత్తం ఇవి: పచ్చ, తలుపు పక్కన, రోజుకు రెండుసార్లు.

నాలుగో సమావేశంలో నా దశ తిరిగింది. రిజిస్ట్రార్ గారు వార్షిక నివేదిక చదువుతూ చదువుతూ ముప్ఫై రెండో పేజీలో తూలి పడబోయారు. ఇరవై మంది పెద్దలు ఒక్కసారిగా లేచి, ఎవరికి ఫోన్ చేయాలో చర్చించడం మొదలుపెట్టారు. నేను వెళ్ళి ఆయన్ని పడుకోబెట్టి, కాలర్ వదులు చేసి, కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టి, సంచిలో ఉన్న బీపీ మిషన్ తీశాను. ఆయనకేం కాలేదు, పొద్దున టిఫిన్ తినలేదంతే. రెండు బిస్కెట్లు తిని ముప్ఫై మూడో పేజీ చదివారు.

"చూశారా? నర్సింగ్ భాగస్వామ్యం అంటే ఇదీ!" అన్నారు వీసీ గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. పదో అంశం అవగానే సభ్యులు ఒక్కొక్కరే చొక్కా చేయి పైకి మడుస్తారు. నేను మిషన్ పట్టుకుని, చెవుల్లో స్టెతస్కోప్ పెట్టుకుని, బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాను. చర్చ ఆగదు, నేనూ ఆగను. ఇంజనీరింగ్ ప్రిన్సిపాల్‌కు వీసీ గారి అపాయింట్‌మెంట్ దొరకడానికి నాలుగు నెలలు పడుతుంది. నేనో? నెలనెలా ఆయన చేయి పట్టుకుని కూర్చుంటాను! ఇంతకంటే పాలనకు దగ్గరగా ఎవరు వెళ్ళగలరు?

అందరి అంకెలూ ఒక నోట్‌బుక్కులో రాస్తాను. రాయని పని చేయని పనితో సమానమని పిల్లలకు చెప్పేదాన్ని, నేను రాయకపోతే ఎలా? అలా రాయగా రాయగా నాకు పెద్ద పరిశోధనే తేలింది. ప్రమోషన్ల అంశం రాగానే అందరి బీపీ ఇరవై పాయింట్లు పెరుగుతుంది. పార్కింగ్ స్థలాల అంశానికి పాతిక. లైబ్రరీ అంశానికి పెరగదు, తగ్గదు, కొందరు నిద్రపోతారు. కానీ "నర్సింగ్ కాలేజీ" అన్న మాట వినగానే ఇరవై ఒక్క మంది బీపీ చల్లగా, హాయిగా కిందికి దిగుతుంది. అంతటి ప్రశాంతత ఆ సభకు మరే శాఖ ఇవ్వగలదు? మందులేని వైద్యం మేము!

ఇలా నా పాలన మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా, ఒక సోమవారం పొద్దున నేను ల్యాబ్‌లో ఉన్నాను.

మా ప్రాక్టికల్ ల్యాబ్ చూడవలసిన గది. ఆరు మంచాలు, ఒక సింకు, గోడకు చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు. అయిదో మంచం మీద నిలువెత్తు రబ్బరు డమ్మీ ఒకటి పడుకుని ఉంటుంది. పిల్లలు ముద్దుగా "మామయ్య" అంటారు. మామయ్యకు పదకొండేళ్ళ సర్వీసు. ఆయనకు పడిన ఇంజెక్షన్లు లెక్కేస్తే ఊళ్ళో జనమంతా కలిసినా ఆయనతో సాటిరారు. ఎముకకు తగిలించినా, పరుపులోకి గుచ్చినా, భుజానికి చేయాల్సింది తొడకు చేసినా పల్లెత్తు మాట అనలేదు. అంత సహనం ఉన్న మామయ్యను నేను మనుషుల్లో చూడలేదు.

ఆ పొద్దున యూనివర్సిటీ భవనాల ఇంజనీరు గారు కొలత టేపుతో లోపలికి వచ్చారు. అయిదో మంచం వైపు చూసి, బూట్ల చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడిచి, నా దగ్గరకొచ్చి గుసగుసగా అడిగారు.

"పేషెంట్ నిద్రపోతున్నారా మేడమ్?"

"పదకొండేళ్ళ నుంచీ" అన్నాను నేను.

"అయ్యో!" ఆయన నిజంగానే చలించిపోయారు. "ఇంటివాళ్ళెవరూ చూడ్డానికి రారా?"

అరవై మంది పిల్లలు ఒక్కసారి పకపకా నవ్వారు. ఇంజనీరు గారు దగ్గరికెళ్ళి, మామయ్య చెవి పట్టుకుని చూసి, తనూ నవ్వేశారు. మంచి మనిషి. నవ్వుతూనే టేపు తీసి గోడకు పెట్టారు. "ఇటు పక్క సోఫాలు వస్తాయి. సింకు తీసేసి అక్కడ కాఫీ మిషన్. టీవీ ఈ గోడకి."

"ఏం సోఫాలండీ?"

"అతిథుల లాంజ్ మేడమ్. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నడుం వాల్చడానికి." ఆయన నా వైపు వింతగా చూశారు. "అదేంటి, దీన్ని బలపరిచింది మీరే కదా?"

జేబులోంచి మినిట్స్ కాగితం తీసి ఇచ్చారు. పదిహేడో అంశం. "నర్సింగ్ కాలేజీ ప్రాక్టికల్ ల్యాబ్‌ను అతిథుల విశ్రాంతి మందిరంగా మార్చుటకు తీర్మానించడమైనది. నర్సింగ్ ప్రతినిధి అందరికంటే ముందు చేయి ఎత్తి బలపరిచారు. ఏకగ్రీవం."

నేను పరుగున స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి నా నోట్‌బుక్కు తిరగేశాను. ఆ తారీఖు, ఆ సమయం దొరికాయి. వీసీ గారు, నూట ముప్ఫై, ఎనభై. పక్కన నేనే రాసుకున్నాను: "గోలగా ఉంది, రెండుసార్లు చూడాల్సి వచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చేతికి పట్టీ చుట్టి, చెవుల్లో స్టెతస్కోప్ పెట్టుకుని వింటున్నాను. హాలంతా కబుర్లు. గుండె చప్పుడు వినపడక, ఒక్క నిమిషం ఆగండి అన్నట్టు ఎడమ చేయి పైకి ఎత్తాను. హాలు ఠక్కున నిశ్శబ్దమైపోయింది. వరసగా అందరి చేతులూ లేచాయి. నా మాటకు ఎంత విలువ ఇస్తున్నారు అని మురిసిపోయి, నేను హాయిగా అంకె రాసుకున్నాను. అదే క్షణంలో రిజిస్ట్రార్ గారు, అనుకూలంగా ఉన్నవారు చేయి ఎత్తండి అన్నారని నాకేం తెలుసు? నా చెవుల్లో వీసీ గారి గుండె కొట్టుకుంటోంది!

ఆలోచించండి. ఏడాదిన్నరలో మొదటిసారి నా చేయి చూసి యూనివర్సిటీ మొత్తం కదిలింది. ఆ శాఖ మనిషే ఎత్తాక మనకేంటని ఇరవై మంది పెద్దలు నన్ను అనుసరించారు. నాయకత్వం అంటే ఇదే కదా! భాగస్వామ్యం లేదని ఏడ్చేవాళ్ళు ఇప్పుడేమంటారు?

ఆ నాయకత్వం తలకెక్కి తిన్నగా రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళాను.

"సార్, నేను చేయి ఎత్తింది నిశ్శబ్దం కోసం."

"అయ్యుండొచ్చు మేడమ్. కానీ మినిట్స్‌లో కారణం రాయం. చేయి మాత్రమే రాస్తాం."

"మరి మా పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి?"

"అదేంటండీ! అంత పెద్ద ఆసుపత్రి పెట్టుకుని బొమ్మలతో ఆటలెందుకు? నేరుగా మనుషుల మీద నేర్చుకుంటే అనుభవం వస్తుంది." ఆయన చొక్కా చేయి మడుచుకుంటూ కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "ఎలాగూ వచ్చారు కదా, ఒకసారి చూసేయండి."

చూశాను. ఆయనది నిక్షేపంలా ఉంది. నాది చూసుకునే ధైర్యం చాల్లేదు.

ఆయన మాటలో ఎంత దూరదృష్టి ఉందో ఇంటికెళ్ళే దారిలో బోధపడింది. ఇంజనీరింగ్ పిల్లలు నాలుగేళ్ళపాటు కాగితం మీద వంతెనలు గీస్తూ కాలం వృథా చేస్తున్నారు. నేరుగా ఒక వంతెన కట్టించి, దాని మీదుగా నిండు బస్సులు పంపితే ఎంత అనుభవం! లా పిల్లలకు ఉత్తుత్తి కోర్టులెందుకు? మొదటి రోజే ఉరిశిక్ష కేసు ఒకటి చేతిలో పెడితే సరి. డ్రైవింగ్ స్కూళ్ళు కూడా మూసేయవచ్చు, రోడ్లు ఉన్నాయిగా!

నవ్వులాటకు అన్నాను గానీ, నా బెంగ వేరే. మా క్లాసులో ఒక పిల్ల ఉంది. తోటివాళ్ళు "వణుకురాణి" అని పేరు పెట్టారు. సూది పట్టుకుంటే చాలు, చేయి గడగడలాడుతుంది. వాళ్ళ నాయనమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలరోజులూ మంచం పక్కన కూర్చుని, అక్కడి సిస్టర్ల చేతులు చూసి చూసి, ఈ చదువే కావాలని వచ్చిన పిల్ల. ఇప్పటికి మామయ్యకు నలభై మూడు ఇంజెక్షన్లు చేసింది. ఒకసారి మంచం కమ్మీకి సూది వంచింది, ఒకసారి తన బొటనవేలికే గుచ్చుకుంది. తప్పు చేసిన ప్రతిసారీ "సారీ మామయ్యా" అని, దూది తీసి రబ్బరు భుజాన్ని తుడుస్తుంది. నాకు ఆ పిల్లంటే ప్రాణం. ఇంకో వంద తప్పులు చేయనిస్తే బంగారం లాంటి నర్సు అవుతుంది. ఆ వంద తప్పులూ ఎవరి ఒంటి మీద చేయాలి? దాని మొదటి తప్పుకు ఎవరో ముసలాయన బాధతో చేయి లాక్కుంటే, అది ఇంక సూది ముట్టదు. నాకు తెలుసు.

అందుకే తర్వాతి సమావేశానికి బీపీ మిషన్ తీసుకెళ్ళలేదు. వణుకురాణిని తీసుకెళ్ళాను.

పదో అంశం అయింది. అలవాటు ప్రకారం ఇరవై ఒక్క చొక్కా చేతులూ పైకి మడిచారు. నేను లేచి నిలబడ్డాను.

"ఇవాళ బీపీ లేదండీ. ఇంజెక్షన్."

హాలంతా నవ్వింది. మంచి జోకు అనుకున్నారు. నేను పిల్లను లోపలికి పిలిచాను. తెల్ల యూనిఫామ్, చేతిలో స్టీలు ట్రే, ట్రేలో సిరంజి, దూది, చిన్న సీసా. ఆ పిల్ల వణుకుకు సీసా ట్రేలో టకటకా కొట్టుకుంటుంటే, మైకు లేకుండానే ఆ చప్పుడు వీసీ గారి దాకా వినిపించింది.

"ఇందులో ఉన్నది సెలైన్ నీళ్ళే, భయం లేదు" అన్నాను. "ఈ అమ్మాయి ఇంతవరకూ ప్రాణమున్న మనిషికి సూది వేయలేదు. ల్యాబ్ పోతే రేపోమాపో వార్డులో ఎవరో ఒకరు తన మొదటి మనిషి కావాలి. పేషెంట్లకు ఈ సభలో ఓటు లేదు, మీకుంది. మనుషుల మీదే నేర్చుకోవాలని తీర్మానించిందీ మీరే. కాబట్టి ముందు ఎవరు కూర్చుంటారో, దయచేసి చేయి ఎత్తండి."

ఒక్క చేయి లేస్తే ఒట్టు! ఎత్తడం సంగతి అలా ఉంచండి, మడిచిన చొక్కా చేతులన్నీ జరజరా కిందికి దిగాయి. పరీక్షల కంట్రోలర్ గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. లా డీన్ గారు ఇందుకు నిబంధనల్లో వీలుందా అని అడిగారు. వీసీ గారికి మోగని ఫోన్ ఒకటి వచ్చింది.

"సార్, మీరు?" అన్నాను రిజిస్ట్రార్ గారి వైపు తిరిగి. "అనుభవం వస్తుందన్నారు కదా."

"పదిహేడో అంశం పునఃపరిశీలనకు వాయిదా వేయడమైనది" అన్నారు ఆయన, గుక్కతిప్పుకోకుండా.

బయటికి రాగానే వణుకురాణి ట్రే కింద పెట్టి, మెట్ల మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "వాళ్ళు నాకంటే ఎక్కువ వణికారు మేడమ్!" అంది. నేనూ పక్కనే కూర్చుని, ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ నవ్వనంతగా నవ్వాను.

కానీ పాఠకులారా, నా మాట వినండి, ఆ పొరపాటు మీరు చేయకండి! ఒక్కసారి వాళ్ళు మన మాట విన్నారంటే మన సుఖం గోవిందా. ఇప్పుడు అజెండా వారం ముందే వస్తోంది, చచ్చినట్టు చదవాలి. ముందొక మైకు పెట్టారు, నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది, మాట్లాడకపోతే బావుండదు. పైగా మా ల్యాబ్ భవిష్యత్తు తేల్చడానికి అయిదుగురితో ఉపసంఘం కూడా వేశారు. లా డీన్, పరీక్షల కంట్రోలర్, భవనాల ఇంజనీరు, అతిథి గృహం మేనేజరు, అధ్యక్షులుగా రిజిస్ట్రార్ గారు.

"ఇందులో నర్సింగ్ వాళ్ళు ఒక్కరూ లేరేంటండీ?" అని అడిగాను.

"మీరుంటే నిష్పాక్షికంగా ఉండదు మేడమ్" అన్నారు ఆయన ఎంతో ఓపికగా. "మీకు ఆ పని తెలుసు కదా!"

నిజమే, ఆ దోషం నాలో ఉంది, పంతొమ్మిదేళ్ళుగా ముదిరిపోయింది. అందుకని దూరంగా నిలబడి ఉపసంఘానికి ఒక్క విన్నపం మాత్రం చేసుకుంటాను. మీరు కూర్చునేది వచ్చే నెలలో. మా పిల్లలు వార్డులకు వెళ్ళేదీ వచ్చే నెలలోనే. వార్డులో పేషెంట్ ఏ వయసువాడైనా, ఎంత నొప్పిలో ఉన్నా, సూది పట్టుకుని వచ్చిన కొత్త పిల్ల మొహం చూసి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంతకు ముందు ఎవరికైనా చేశావా తల్లీ?"

ఆ పిల్ల ఏమని జవాబు చెప్పాలో మీరే ఏకగ్రీవంగా తీర్మానించి, రాసి పంపండి. నేను క్లాసులో అరవై మందికీ బట్టీ పట్టిస్తాను.